గోడెక్కి కొన్న పంపు

కరెంటుతో నడిచే వస్తువు ఏది ఇంటికి వచ్చినా సరే, మా బావ సీతారాంరావు దాన్ని ప్లగ్గులో పెట్టి, స్విచ్చి వేసి, దాని వైపైనా చూడకుండా పెరట్లోకి పరుగెత్తేవాడు. అక్కడ వెనుక గోడ పక్కన ఒక కాలు ఊగే చెక్క స్టూలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దాని మీదికెక్కి, గోడ మీద గడ్డం ఆనించి, కాసేపు అవతలికి చూసేవాడు. తర్వాత దిగివచ్చి తీర్పు చెప్పేవాడు. "ఉండనియ్" అంటే ఆ వస్తువు బతికిపోయినట్టు. "వాపస్" అంటే ఇక బ్రహ్మదేవుడు వచ్చి నచ్చజెప్పినా లాభం లేదు.

మా అక్క లీలాబాయి ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న మిక్సీ ఇలాగే వాపస్ పోయింది. ఇస్త్రీ పెట్టె మాత్రం మిట్టమధ్యాహ్నమే వాడాలన్న షరతు మీద ఉండిపోయింది. బావి మోటరు కూడా అంతే. సూర్యుడు నడినెత్తిన ఉంటే తప్ప దాని స్విచ్చి ముట్టనిచ్చేవాడు కాదు. గోడ అవతల ఏముందయ్యా అంటే ఒక ఇరుకు గల్లీ, నాలుగు పెంకుటిళ్లు, ఒక మేక. ఆ మేకను సలహా అడిగి వస్తున్నాడని నా గట్టి అనుమానం.

"బావా, అవతల ఏం చూస్తవ్?" అని అడిగితే, "నీకు సమజ్ కాదు బామ్మర్దీ" అనేవాడు. నేను జమ్మికుంట కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి, ఉండేది వాళ్లింట్లోనే. నాకు సమజ్ కాదట! ఆయనకేమో పత్తి మార్కెట్లో, రైతుల పత్తి అమ్మిపెట్టే అడ్తి దుకాణం. దూదిని రెండు వేళ్లతో లాగి, అది ఏ ఊరి చేనుదో కూడా చెప్పేసేవాడు. అలా చెప్పి చెప్పి, ప్రపంచంలో తనకు తెలియని సంగతి లేదన్న ధీమా వచ్చేసింది.

తొంభయ్యొకటి ఎండాకాలంలో ఆ ధీమాకు పరీక్ష వచ్చింది. మాది ఆసిఫాబాద్. అక్కడ మా ఇంటి పెరట్లో చిన్న కొలను, దాని మీద రాతి గోముఖం, అందులోంచి పడే నీళ్లు ఉండేవి. అక్క పట్టుబట్టి ఇక్కడి పెరట్లోనూ గోముఖంతో సహా అలాంటి కొలను కట్టించింది. తామరలు వేసింది, మానేరు వాగు నుంచి చేపపిల్లలు తెప్పించి వదిలింది. ఎండలు ముదిరేసరికి నిలవ నీళ్లు పచ్చబడ్డాయి. తెల్లవారితే చాలు, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచేవి. వాటిని చూస్తూ అక్క కూడా తెలియకుండానే నోరు తెరిచేది. నీళ్లు ఆగకుండా కదులుతూ ఉంటేనే అవి బతుకుతాయి. అంటే పగలూ రాత్రీ నడిచే పంపు కావాలి.

అక్క బావ ముందు నిలబడి గడువు పెట్టింది. "ఇగో, చెప్తున్న వినుండ్రి. మిరుగు లోపల పంపు రావాలె. రాకుంటే గీ శాపలు తండ్లాడి సచ్చుడు నేను సూడలేను. మిరుగు నాడు పులుసు వండి గల్లంత పంచుత, కొలను పూడిపిస్త."

మృగశిర కార్తె మొదలయ్యే రోజే మాకు మిరుగు. ఆనాడు చేపల పులుసు వాసన రాని ఇల్లు ఉండదు. ముక్కలు కోయడం అక్క వల్ల అవుతుందా అన్నది వేరే సంగతి. అన్నమాట మాత్రం వెనక్కి తీసుకునే రకం కాదు.

"ఫికర్ చెయ్యకు లీలా. పంపు సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు బావ.

"మీకిడిసిపెడితే గోడెక్కుతరు."

స్టేషన్ రోడ్డులో పంపుల దుకాణం హనుమంతుది. పంపు ఎంత పెద్దదైతే అంత మంచిదని అతని సిద్ధాంతం. మొదటిసారి అతను మోపెడ్ మీద మోసుకొచ్చిన పంపును దించడానికి నేనూ ఒక చెయ్యి వేయాల్సి వచ్చింది.

"రావుసాబ్, స్విచ్చి ఏసి చూడుండ్రి. నీళ్లు కొండగట్టు మీదికెక్కుతయ్!"

"అరే హనుమంతూ, బర్రెకు నీళ్లు పెట్టుమంటే మానేరును తోలుకొస్తివి గదరా! కొలనుల నీళ్లు జర కదిలితె సాలు. ఎన్ని నీళ్లు కావాలె, ఎంత ఎత్తుకు కావాలె, గది చూసి కొనాలె పంపు."

ఫిజిక్సు చెప్పే నేను కూడా ఒప్పుకోవాల్సిన మాటే అది. కానీ ఇంత తెలిసిన మనిషి పంపును పరీక్షించే పద్ధతి చూడాలి! పొద్దుగూకి ఇళ్లల్లో లైట్లు వెలిగేదాకా పరీక్ష లేదు. అంతవరకు హనుమంతు మా అరుగు మీద ఉడికించిన శనగ గుడాలు తింటూ కూర్చున్నాడు. అప్పుడు స్విచ్చి, పరుగు, స్టూలు, గోడ.

"వాపస్."

తర్వాత వచ్చింది అందులో సగం ఉంది. గోముఖంలోంచి నీళ్లు దుమికాయి. చేపలు అడుగు నుంచి లేచివచ్చి ఆ నురగలో గిరగిరా తిరిగాయి. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బావ స్టూలు దిగివచ్చాడు.

"వాపస్."

"ఎందుకు వాపస్? శాపలు సూడుండ్రి ఎట్ల ఆడుతున్నయో!"

"తిండి ఎక్కువ తింటది."

"బిల్లు కోసమేనా? నా గాజులమ్మి కడత!"

"బిల్లు కాదు లీలా. పద్ధతి."

హనుమంతు మిగిలిన గుడాలు జేబులో పోసుకుని పంపును మళ్లీ మోపెడ్‌కు కట్టాడు. ఇలా పంపులు వస్తున్నాయి, పోతున్నాయి. చేపలు నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. మిరుగు దగ్గర పడుతోంది.

ఒకరోజు వెనుక గల్లీలోని దేవవ్వ బీడీల చాట చంకన పెట్టుకుని మా వాకిట్లో నిలబడింది. ఒంటరి ముసలమ్మ. బీడీలు చుట్టి బతుకుతుంది. చెయ్యి ఎంత చురుకో, నోరు అంతకు రెండింతలు.

"దొరసానీ! నీ మొగడు పొద్దుగూకంగనే గోడ మీద తలకాయ పెడుతుండు. మా గల్లిల ఏం పోగొట్టుకున్నడో జర అడుగు!"

వాకిట్లో పోయేవాళ్లు ఆగి నవ్వారు. అక్క మొహం కందగడ్డ అయింది. లోపలికి వచ్చి బావను నిలదీసింది.

"ఏం చూస్తున్నరు గోడెక్కి?"

"గాలి."

"గాలా?"

"ఆఁ. పంపుకు... గాలి ముఖ్యం గద."

దూదిని ముట్టుకుని జాతకం చెప్పే మనిషి గాలి దగ్గర నత్తి కొట్టాడు. అక్క స్టూలును సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున కట్టుకుంది.

మర్నాటి సాయంత్రం హనుమంతు ఇంకో పంపు తెచ్చాడు. స్టూలు లేదు. బావ పెరట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లాడు.

"బామ్మర్దీ, నువ్వు పొడుగున్నవ్. మునివేళ్ల మీద లేస్తే కనబడతది. నేను స్విచ్చేస్త, నువ్వు చూసి చెప్పు."

"ఏం చూడాలె? మేకనా?"

"మేకేందిరా! దేవవ్వ బుగ్గ."

మావైపు బుగ్గ అంటే కరెంటు బల్బు. తొంగి చూశాను. గల్లీ చివరి ఇంటి అరుగు మీద దేవవ్వ బుగ్గ కింద కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. బావ స్విచ్చి వేశాడు. వెనుక నీళ్ల చప్పుడు మొదలైంది. ఎదుట బుగ్గ బీడీ కొనలా ఎర్రబడింది. దేవవ్వ కత్తెర ఆగింది. ఆకును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. చాట ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"బావా, బుగ్గ గుడ్డిదైంది."

"వాపస్" అన్నాడు బావ, ఈసారి నెమ్మదిగా.

అప్పుడు చెప్పాడు. లైనులో ఆఖరి స్తంభం అది. మన వైరూ ఆమె వైరూ దాని మీద నుంచే వస్తాయి. ఇక్కడ బరువు పెరిగితే అక్కడ వెలుగు తగ్గుతుంది. గుడ్డి వెలుగులో చుట్టిన బీడీలను కార్ఖానావాళ్లు బాగా లేవని పక్కన పారేస్తారు. ఆమెకు చీకటి పడ్డాక చేసే పనే ఆధారం.

"మనింటి నుంచి మంచి వైరు గుంజి ఇస్తనన్న ఒకసారి. 'నీ మేర్బానీ నాకద్దు దొరా' అన్నది. ఇప్పుడు గీ సంగతి తెలిస్తే, మనకు అడ్డమెందుకని బుగ్గ ఆర్పి కందిలి పెట్టుకుంటది. గంత రోషం. నువ్వు ఎవ్వరికీ చెప్పకు."

"అక్కకు?"

"అసలే చెప్పకు. మీ అక్క కడుపుల మాట ఆగదు."

నా కడుపులోనూ ఆగదు. మా ఇద్దరిదీ ఒకే పుట్టిల్లు. ఆ నిమిషమే వెళ్లి చెప్పేశాను. అక్క లేచింది. కొంగుముడి విప్పి, తాళం తీసి, స్టూలును తానే మోసుకెళ్లి గోడ పక్కన పెట్టింది. కొలను మీద ఎత్తుగా కట్టించుకున్న గోముఖాన్ని ఒకసారి నిమిరింది.

"దీన్ని కిందికి దించితే చిన్న పంపు సరిపోతదా?"

బావ మొహం చూడాలి! "సరిపోతదా ఏంది లీలా! ఎత్తు ఎంత తగ్గితే మోటరుకు అంత సుకం. పైపు జర వెడల్పుది పెడితే ఇంకా మంచిది. నేను అడుగుదామనే అనుకున్న, నీ పుట్టింటి గుర్తని నోరు రాలే."

"నీళ్లు ఎంత ఎత్తుకెంచి పడ్డా నీళ్లే" అంది అక్క. ఆ క్షణంలో మా అక్క మీద నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

గోముఖం నీళ్లకు జానెడు ఎత్తుకు దిగింది. హనుమంతును పిలిచి అన్నిటికంటే చిన్న పంపు తెమ్మన్నాడు బావ.

"ఇంక చిన్నదంటే కూలర్లల్ల పెట్టేదే ఉన్నది రావుసాబ్" అన్నాడతను వెటకారంగా.

"గదే తే!"

పిడికెడంత పంపును హనుమంతు చేతిసంచిలో దాచుకుని తెచ్చాడు. "గిది నా దుకాన్లదని ఎవ్వరికీ చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది" అని బతిమాలాడు.

మిరుగు రేపనగా, లైట్లు వెలిగే వేళ. స్విచ్చి అక్క వేసింది. పంపు కాసేపు గొణిగింది. తర్వాత గోముఖంలోంచి సన్నటి ధార మొదలై, వేలిమందాన నిలకడగా పడసాగింది. ఒక చేప వచ్చి ఆ ధార కింద మూతి పెట్టింది. బావ స్టూలు మీద గోడకు గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఎంతకీ దిగడు. హనుమంతు నోట్లో గుడాలు నమలడం మానేశాడు.

తీర్పు గోడ అవతలి నుంచి వచ్చింది.

"ఉండనియ్ దొరా! గిది మంచిగున్నది. బుగ్గ కదలలే. ఇగ దిగు, ఆ స్టూలు కాలు ఊగుతది, పడుతవ్!"

బావ నిజంగానే పడబోయాడు. "నీకెట్ల తెలుసు దేవవ్వా?"

"నీ తలకాయ లేసినప్పుడల్ల నా బుగ్గ పండుకుంటుండె. హనుమంతు బండి మా గల్లి నుంచే వాపస్ పోతుండె. నేను కండ్లు మూసుకొని బీడీలు చేస్తననుకున్నవా?"

"మరి దొరసానికి ఎందుకు చెప్పినవ్?"

"నీకిడిసిపెడితే ఏండ్లకేండ్లు గోడెక్కుతనే ఉందువు. దొరసానైతే జల్ది తెగ్గొడతదని చెప్పిన!"

మర్నాడు అక్క బజారు చేపలతో పులుసు వండి దేవవ్వకు గిన్నెనిండా పంపింది. మేర్బానీ వద్దనే మనిషి గిన్నె నాకి మరీ పంపింది. ఉప్పు తక్కువైందని చెప్పి పంపడం కూడా మరిచిపోలేదు.

ఆ సంవత్సరమే బావ రంగుల టీవీ తెచ్చాడు. ఆదివారం సాయంత్రం సినిమా మొదలయ్యే వేళకు ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, అలవాటు ప్రకారం పెరట్లోకి పరుగెత్తి స్టూలెక్కాడు. అవతల అంతా చీకటి. బావ గట్టిగా కేకేశాడు.

"దేవవ్వా! బుగ్గ ఏమైంది?"

"నేనే ఆర్పిన" అన్న మాట వెనుక నుంచి వినపడి, తిరిగి పెరటి తలుపులోంచి చూస్తే, దేవవ్వ అప్పటికే మా ఇంట్లో, టీవీ ముందు, చాప మధ్యలో కూర్చుని ఉంది. "ఆదివారం నాడు బీడీలేంది దొరా? జల్ది దిగిరా, బొమ్మ షురువైంది."