నొప్పి చెప్పని పుండు

ఆ రోజు దుప్పటి మారుస్తూ మా అత్త ఉన్నట్టుండి ఆగిపోయింది. "అమ్మీ, ఇక్కడ తడి ఉండాది. వాసన కూడా వస్తా ఉండాది" అంది. నాకేమీ తెలియలేదు. సాత్తూరు దగ్గర షేర్ ఆటో తిరగబడి వెన్నెముక దెబ్బతిన్నప్పటి నుంచి నడుం కింద నాకు స్పర్శ లేదు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో రోజంతా చేతులూ నోరూ ఆడించిన మనిషిని, ఊరికే పడుకోమంటే ఒళ్లు మండిపోయేది. నడక ఎలాగూ పోయింది. వీల్‌చైర్‌లో కూర్చుని వాకిట్లోకి రావడం ఒక్కటే నాకు మిగిలింది.

వీపు కింద, కూర్చుంటే ఆనే ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. "దానికి ఏమీ తగలకుంటే తానే మానిపోతాది" అంటూ అత్త పాత చీర మెలితిప్పి సుమ్మాడు చుట్టింది. కట్టెల మోపు ఎత్తుకునే ముందు నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట అది. వయసులో ఉండగా ఆమె మోసిన మోపులకు లెక్కలేదు. పుండు సరిగ్గా చుట్ట మధ్యకు వచ్చేలా నన్ను కూర్చోబెట్టింది. మా ఇంట్లో అందరికీ అది బ్రహ్మాండమైన ఉపాయంగా తోచింది.

వారం తిరక్కుండానే చలిజ్వరం. పుండు అంచులు నల్లబడ్డాయి. విరుదునగర్ ఆసుపత్రికి పరుగెత్తాం. నర్సు మొదట ఆ సుమ్మాడునే పట్టుకుంది. "ఇది ఎవరు పెట్టింది? చుట్టూ నొక్కేస్తే మధ్యకు రక్తం ఎట్లా వస్తుందమ్మా?" అని తమిళంలో కసిరింది. అత్త మొహం పాలిపోయింది.

డాక్టరు పుండులోకి దూది పుల్ల పెట్టి చూశాడు. పుల్ల పక్కకు దూరిపోయింది. "ప్రెషర్ అల్సర్, స్టేజ్ త్రీ. పైకి చిన్నదే, లోపల అండర్‌మైనింగ్ ఉంది, చర్మం కిందుగా పక్కలకు తొలుచుకుపోయింది. డిబ్రైడ్‌మెంట్ చేసి చచ్చిన కండ తీసేయాలి. మానేదాకా కూర్చోకూడదు."

"నడక పోయింది. ఇక కూర్చోవడమూ పోతే నేనెందుకు సార్ బతకడం?" అని అరిచాను.

"ఇప్పుడు కూర్చుంటే ఎముకకు పాకుతుంది. ఆ తర్వాత జన్మలో కూర్చోలేవు" అన్నాడాయన.

భయమేసింది. పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాను.

ఇక మొదలైంది నా నరకం. డ్రెస్సింగులు, ఎయిర్ బెడ్, రోజూ గుడ్లు. రెండు గంటలకోసారి మా ఆయన నన్ను కుడికీ ఎడమకూ తిప్పేవాడు. "దోసె తిప్పినట్టు తిప్పుతా ఉండావు!" అని విసుక్కుంటే, "మాడకుండా ఉండాల కదా" అనేవాడు. నవ్వొచ్చేది, మరుక్షణం ఏడుపొచ్చేది. వార్డులో ఎవరైనా లేచి కూర్చుంటే చూడలేక కళ్లు మూసుకునేదాన్ని.

అత్త నన్ను ముట్టుకోవడమే మానేసింది. "నేనే చెడగొడితిని" అని మూల కూర్చుని కుమిలేది. "నువ్వు కాకుంటే ఆ వాసన ఎవరు పట్టుండేది అత్తా? రా, నన్ను పట్టుకో" అన్నాను.

ఇంటికొచ్చాక ఒకరోజు కరెంటు పోయి ఎయిర్ బెడ్ చప్పబడిపోయింది. కుడి మడమ ఎర్రబడింది. నర్సు నేర్పినట్టు అత్త వేలితో నొక్కి వదిలింది. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. వెంటనే పిక్క కింద దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా చేశారు, మర్నాడే ఆసుపత్రిలో చూపించారు. అక్కడ పుండు పడలేదు.

నడుం కింది పుండు మానడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పుడు వీల్‌చైర్‌లో మెత్త వేసుకుని కూర్చుంటున్నాను. కాసేపటికోసారి చేతులు ఆనించి ఒళ్లు పైకి లేపుతాను.

నాలాంటివాళ్లకు ఒక్క మాట. మన ఒళ్లు మనకు కబురు చెప్పదు. సిగ్గు పక్కనపెట్టి, రోజూ ఇంట్లో ఒకరికి చూపించండి. నొక్కినా తెల్లబడని ఎరుపు ఉంటే, ఆ వైపు బరువు పడనీయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా ఇంట్లో పొద్దున్నే మా ఆయన టార్చి వేసి చూస్తాడు. నేను ఊపిరి బిగబట్టి ఉంటాను. "బాగుండాది, కూర్చో" అంటాడు. కొన్నిసార్లు "ఈపొద్దు వద్దు" అంటాడు. తిడతాను. నోరారా తిట్టి, పడుకుంటాను.