మెల్లగా చెప్పిన మాట

శనివారం గుళ్లో ప్రదక్షిణలు చేస్తుంటే తెలిసింది, మా అమ్మాయికి బడిలో నాటకం నేర్పిన టీచరమ్మ పోయారని. "డ్రామా మేడంకు గుండె ఆగిందట, పాపం" అని చెప్పినామె ముందుకు నడిచింది. నేనూ నడిచాను. ఎన్ని చుట్లు తిరిగానో లెక్క తప్పింది. దేవుడికి ఏం చెప్పుకోవాలో తోచలేదు.

టీచరమ్మ వాళ్లది కోస్తా నుంచి ఇక్కడి ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. పటాన్‌చెరులో పుట్టి పెరిగినా ఆమె మాట మాత్రం అమ్మానాన్నలదే. పిల్లలు "అది కాదండీ" అని వెక్కిరిస్తే, "నా పాత్ర రాసేటప్పుడు అది కూడా రాయండ్రా" అని నవ్వేవారు. ఏకపాత్రాభినయమంటే మాకు తెలిసింది కిరీటం, గద, పెద్ద గొంతు. ఆమె క్లాసులో కిరీటాలు లేవు. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోవాలి. ఒక రోజంతా ఆ మనిషి పక్కన నోరు మెదపకుండా కూర్చోవాలి. ఆ తర్వాతే కాగితం. "పాత్ర ఏడవకూడదు. ఏం చేస్తాడో చెప్పాలి, అంతే" అనేవారు.

తొమ్మిదో తరగతిలో మా అమ్మాయి వాళ్ల నాన్నను ఎంచుకుంది. ఆయన అప్పుడు జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో పనిచేసేవారు. ఇంటికి రాగానే బయట నల్లా దగ్గర స్నానం చేసి, బట్టలు విడిగా తడిపి, అప్పుడు గానీ గడప దాటరు. ఆదివారమంతా అది ఆయన పక్కనే కూర్చుంది. "ఏందే, మీ మేడం నా మీద పహరా పెట్టిందా?" అని ఆయన నవ్వారు.

సాయంత్రం నాకు చదివి వినిపించింది. "నా బిడ్డ ఉరికొస్తది. ఆగు, ముట్టకు అంట. ఎన్ని నీళ్లు పోసుకున్నా మందుల పౌడరు వాసన పోదు. ముద్ద నోట్ల పెట్టుకునే ముందు చెయ్యి వాసన చూసుకుంట. బిడ్డ చూస్తదని అటు తిరిగి చూసుకుంట."

ఆయన అటు తిరగడం ఇరవై ఏళ్ల కాపురంలో నేను గమనించలేదు. కానీ ఆ పూట నాకు వచ్చింది బాధ కాదు, భయం. ఆ పాత్రలు వేసేది బడి వార్షికోత్సవంలో, దానికి ముఖ్య అతిథి ఆ కంపెనీ పెద్దసారే.

మర్నాడు ప్రసాదం డబ్బా పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మేడం, దానికి జెర ఏదన్న దేవుని పాత్ర ఇయ్యున్రి. మా ఆయన నౌకరి పోతది."

"కంపెనీ పేరు ఎక్కడా లేదమ్మా, భయపడకండి. దేవుడి మాటలు రాసినవాళ్లు వేలమంది ఉన్నారు. మీ ఆయన మాటలు ఎవరు రాస్తారు?"

ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నారు.

నేను అటునుంచి అటే హెడ్‌మాస్టరు గదికి వెళ్లాను. "మేడం పిల్లలతోని కంపెనీల మీద రాయిస్తున్నది సార్" అన్నాను. అది అబద్ధమని తెలుసు. గొంతు పెంచలేదు. నేనెప్పుడూ పెంచను, నలుగురూ నన్ను మెచ్చుకునేది అందుకే. ఆ ఒక్క మాట చాలింది. ఆ పాత్ర తీసేశారు. పై ఏడు బడిలో నాటకం క్లాసూ లేదు, ఆమె కూడా లేరు.

మా ఆయన నౌకరి మాత్రం నిలిచిందా? రెండేళ్లకు కారణం కూడా చెప్పకుండా తీసేశారు.

తర్వాత ఒకసారి ఆమె సంతలో ఎదురయ్యారు. "పాప రాస్తోందా?" అని అడిగారు. "రాస్తున్నది మేడం" అన్నాను. అదీ అబద్ధమే. క్షమించమని అడగాల్సిన చోట చిక్కుడుకాయలు ఏరుతూ నిలబడ్డాను. ఆమెకు సంగతి తెలుసో లేదో, ఇక తెలియదు.

పదోరోజున వాళ్లింటికి వెళ్తే ఆమె చెల్లెలు కాగితాల కట్ట తెచ్చారు. "అక్క ఒక్కటీ పారెయ్యనివ్వలేదండీ" అన్నారు. అందులో మా అమ్మాయిదీ ఉంది. కింద ఎర్ర సిరాతో రాసి ఉంది: "బాగుంది. ఇక మీ అమ్మను రాయి. ఒక రోజు ఆమె పక్కన కూర్చో."

అమ్మాయి ఇప్పుడు రుద్రారంలో కాలేజీ చదువుతోంది. కాగితం చేతికిచ్చి, నేను చేసింది చెప్పాను. ఎర్ర సిరా అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది.

"దేవునికి గూడ గింత మెల్లగనే మొక్కుతవా అమ్మా? ఆయనకన్న వినబడ్తదా?"

"సదువు బిడ్డా" అన్నాను. "గట్టిగ సదువు."

మా ఆయన ఇప్పుడు ఒక గోదాముకు వాచ్‌మన్. పౌడరు లేదు, వాసన లేదు. అయినా నల్లా దగ్గర స్నానం చేయనిదే లోపలికి రారు. ఆ సాయంత్రం కూడా అప్పుడే వచ్చి బయట నీళ్లు పోసుకుంటున్నారు. అమ్మాయి చదువుతూ "అటు తిరిగి చూసుకుంట" దాకా వచ్చేసరికి చెంబు చప్పుడు ఆగిపోయింది. నల్లా ఎవరూ కట్టేయలేదు. బకెట్ నిండి నీళ్లు బండల మీదికి పొర్లుతున్న చప్పుడు మాకు లోపలికి వినిపిస్తూనే ఉంది.