కొత్త బంతి ఎవరికి

మగ్గాల షెడ్డులో పెరిగినవాళ్లకు చెవులు అలంకారానికే ఉంటాయి. పవర్‌లూమ్‌లన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకే మేం పెదాలు చూసి మాట్లాడుకుంటాం. ఏడో తరగతిలో నేను బడినీ, బడి నన్నూ వదిలేశాక, సూరత్‌లో మా నాన్న పక్క మగ్గం మీద నిలబడి నేను చదివిన చదువు అదే. అవతలి గోడ దగ్గర ఎవరు ఎవరిని తిడుతున్నారో చెప్పగలను. ప్రేమ కబుర్లు కూడా తెలుస్తాయి కానీ, అవి చెప్పను.

రెండో చదువు బౌలింగ్. కోసాడ్ క్వార్టర్ల వెనక మైదానంలో నా బంతి చూసి, జీతమిచ్చి ఆడించే ఒక క్లబ్బు నన్ను తీసుకుంది. తీసుకుని పక్కన పెట్టింది. బౌండరీ దగ్గర ఫీల్డింగ్, విరామంలో నీళ్ల సీసాలు, అదీ నా ఉద్యోగం. అందరూ 'మద్రాసీ' అనేవారు. మద్రాసు నేనూ చూడలేదు, వాళ్లూ చూడలేదు. ఆ ఒక్క విషయంలో మేం సమానం. నెట్స్‌లో మా కెప్టెన్ స్టంపును రెండుసార్లు ఎగరగొట్టాను. "గాలికి పడింది" అన్నాడు.

నాకు కావలసింది కొత్త బంతి. ఎర్రగా మెరుస్తూ, కుట్టు వేలికి గుచ్చుకునేంత గట్టిగా ఉన్నప్పుడు, మొదటి ఓవరు నాది కావాలి. ఎప్పుడైనా నా దాకా వచ్చేసరికి అది ఉడికిన ఆలుగడ్డలా ఉండేది.

ఒక ఆదివారం కెప్టెన్ పిచ్ దగ్గర నిలబడి ఎవరితోనో గుజరాతీలో అంటున్నాడు. బౌండరీ నుంచే చదివాను. "మగ్గం వాళ్లకు కొత్త బంతి ఇస్తే మన పరువేం కాను? ఆ నల్లోడు నీళ్లు మోస్తే చాలు."

విరామంలో సీసా అందించి, ఆ మాటే ఆయన గుజరాతీలో, ఆయనలాగే నడుం మీద చెయ్యి పెట్టి ఒప్పజెప్పాను. నీళ్లు ఆయన గొంతుకు అడ్డం పడ్డాయి.

"ఎవడు చెప్పాడు నీకు?"

"మీ పెదాలే భాయ్."

సిగ్గుపడతాడనుకున్నాను. తెలివైనవాడు, నన్ను వాడుకున్నాడు. అవతలి బ్యాట్స్‌మన్లు ఏం మాట్లాడుకుంటున్నారో చూసి చెప్పమన్నాడు. చెప్పాను. వికెట్లు పడ్డాయి, కెప్టెన్‌కు పేరొచ్చింది. అంతకుముందు నీళ్లే మోసేవాణ్ణి, ఇప్పుడు మాటలు కూడా.

గొప్పగా ఇంట్లో చెబితే నాన్న అన్నం కలుపుతూ తలెత్తాడు. "ఏందిరా, ఆడనికి పోతున్నవా, చాడీలు చెప్పనికి పోతున్నవా?"

ఇక ఊరికే మాటలు మోసేది లేదనుకున్నాను.

తర్వాతి మ్యాచ్‌లో అవతలి ఓపెనర్లు ఏదో మాట్లాడుకుంటూ మైదానంలోకి దిగారు. కెప్టెన్ దూరం నుంచి ఏమిటన్నట్టు తల ఎగరేశాడు. నేను ఆకాశం చూశాను. పరుగున వచ్చాడు.

"బోల్ నా, క్యా బోలే?"

"పహ్లే బాల్ దో."

అంపైర్ తొందరపెడుతున్నాడు. కెప్టెన్ పళ్లు నూరి, కుక్కకు బిస్కెట్ వేసినట్టు బంతి విసిరాడు. నేను రెండు చేతులా పట్టుకున్నాను. "ఇప్పుడు చెప్పు!" అన్నాడు.

"రాత్రి కూరలో ఉప్పు తక్కువైందట భాయ్."

మొదటి బంతికి ఫోర్ పోయింది. కెప్టెన్ ఏమన్నాడో చదివాను, ఇక్కడ రాయను. నాలుగో బంతికి మిడిల్ స్టంపు లేచి కీపర్ దాకా వెళ్లింది. ఆ రోజు గాలి లేదు.

ఆ తర్వాత మూడు సీజన్లు మొదటి ఓవరు నాదే. కానీ ప్రతిసారీ నేనే వెళ్లి చెయ్యి చాపేవాణ్ణి, ఆయన బంతి అందులో పెట్టేవాడు. ఒక్కసారైనా తనంతట తాను పిలిచి "ఇదిగో" అంటాడని చూశాను. అనలేదు. ఇంతలో భుజం పోయింది. ఇప్పుడు పల్సానా మిల్లులో బట్ట మడతపెడుతున్నాను. మడత మడతకీ ఆ కుట్టు వేలికి తగులుతున్నట్టే ఉంటుంది.

మొన్న ఆదివారం నేనూ మా ఆవిడా డుమస్ బీచ్‌లో టమాటా భజియా తింటుంటే, వెనక నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. బొజ్జతో మా కెప్టెన్. ఆయనకు నా పేరు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

"వచ్చే ఆదివారం మన పాతవాళ్లమంతా ఆడుతున్నాం, వచ్చెయ్. నయా బాల్ తేరా."

కొత్త బంతి నాదేనట, నేను అడగలేదు. నా చెయ్యి జేబులోనే ఉంది.

మా ఆవిడ భజియా నములుతూనే తెలుగులో అందుకుంది. "చెయ్యి నెత్తి దాకా లేస్తలేదు, పొద్దుగాల అంగీ నేనే తొడిగిన. ఏం ఏస్తవ్ బంతి? జర చెప్పు ఆయనకు."

"భాభీ క్యా బోల్ రహీ హై?" అన్నాడు కెప్టెన్.

"తప్పకుండా పంపిస్తానంటోంది" అన్నాను. "ఎన్నింటికి రావాలి భాయ్?"