చెవి దగ్గర పట్టుగూడు

ఈ రోజు శిడ్లఘట్ట బడిలో నా సైన్సు పాఠాన్ని పట్టునూలు తీసే ఒకాయన ఎత్తుకుపోయాడు.

ఆకాశంలోకి పంపిన టెలిస్కోపుతో వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలను ఎలా కనిపెడతారో తొమ్మిదో తరగతికి గంటసేపు చెప్పాను. బల్బు ముందు నిమ్మకాయ తిప్పి చూపించాను. పిల్లలు నిమ్మకాయనే చూశారు. కూతురి కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి వింటున్న మునిరాజప్ప జేబులోంచి ఒక పట్టుగూడు తీశాడు.

“లోపలుండే పురుగును మేమేమన్నా చూస్తామా సార్? చెవి కాడ ఆడిస్తే సద్దును బట్టి అది ఎట్లుందో తెలుస్తాది. వాళ్లూ అంతే కదా. గ్రహం కండ్లకు కనపడదు. అడ్డమొచ్చినప్పుడు చుక్క వెలుగు రవ్వంత తగ్గుతాది. దాన్ని బట్టి కనుక్కుంటాండారు.”

క్లాసంతా అర్థమైందంది. పదహారేళ్లుగా నేను ఎదురుచూస్తున్న ఆ మాట ఆయనకు అర నిమిషంలో దక్కింది. హెడ్మాస్టరు ఆయన్ని మళ్లీ రమ్మన్నారు కూడా.

పైకి నవ్వాను కానీ కడుపు మండిపోయింది. ఆయన బల్ల మీద మరిచిపోయిన గూడును ఇంటికి తెచ్చి, తలుపేసుకుని, చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు ఆడించాను. నాకేమీ వినపడలేదు. ఆయన్ని మాత్రం అడగను. ఎలా ఆడించాలో మీలో ఎవరికైనా తెలిస్తే, ఆయన చెవిన పడకుండా నాకు చెప్పండి.