మడ్డి తీసిన సీసాలు

హెప్సి పనిచేసేది వైన్ షాపులో అని బాపట్లలోని తల్లి కృపమ్మకు తెలియదు. "షాపులో చేస్తన్నానమ్మా" అని మాత్రమే చెప్పింది. అబద్ధం కాదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఎడిన్‌బర్గ్‌లో మాస్టర్స్ చదువుతూ వారానికి రెండు రోజులు ఆ షాపులో సీసాలు సర్దుతుంది, గ్లాసులు కడుగుతుంది. చుక్క మాత్రం నాలుక మీద వేసుకోదు.

ఆ బుధవారం మధ్యాహ్నం జర్మనీ నుంచి యోహన్నా వస్తోంది. ఇరవై ఏడేళ్లకే మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోట చూసుకుంటూ, తన చేత్తో తెల్ల వైన్ చేస్తున్న పిల్ల. హోటళ్లకు వైన్ కొనే పెద్దాయన ఒకరు దాని రుచి చూడబోతున్నాడు. ఆయన సరేనంటే తోట ఆమె చేతిలో ఉంటుంది, కాదంటే తండ్రి దాన్ని పెద్ద కంపెనీకి అప్పగించేస్తాడు. ఈ సంగతంతా చెప్పి, "అన్నీ రెడీగా ఉంచు" అని షాపు ఓనరు ఆమెను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లాడు.

హెప్సి ఫ్రిజ్‌లోంచి యోహన్నా ముందే పంపిన సీసా ఒకటి తీసి వెలుతురుకు ఎత్తింది. వైన్ బియ్యం కడుగులా మసకగా ఉంది, అడుగున మడ్డి. మూత తీస్తే బుస్సుమంది. వాసన చూస్తే పులిసిన కల్లు గుర్తొచ్చింది. ఆరు సీసాలూ అంతే! చెడిపోయింది, అంతా చెడిపోయింది! ఓనరుకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఊరుకుని కూర్చునే పెంపకమా ఆమెది? వాళ్ల చర్చిలో ప్రభువు బల్ల రోజున అందరికీ ఇచ్చే ద్రాక్షరసం చేసేది కృపమ్మే. శనివారం నల్లద్రాక్ష ఉడకబెట్టి, తెల్లని పంచె నాలుగు మడతలేసి వడగట్టేది. "ప్రభువు గిన్నెలో నలక కనపడితే మన మొహం ఎక్కడ పెట్టుకుంటామే" అనేది. హెప్సి గ్లాసులు తుడిచే కొత్త గుడ్డ నాలుగు మడతలేసింది. ఆరు సీసాలూ కదలకుండా వంచి, పైనున్న తేటను జగ్గుల్లోకి వడగట్టి, మడ్డిని సింకులో పోసింది. లేత బంగారు రంగు తేలింది. ఒక ఆడపిల్ల పరువు కాపాడానని తెగ మురిసిపోయింది, పిచ్చిది.

యోహన్నా ఓనరుతో పాటు లోపలికి వస్తూనే జగ్గుల ముందు నిలబడిపోయింది.

"నా వైన్ ఏది?"

"ఇదే. మడ్డి పట్టింది. వడగట్టాను."

"ఆ మడ్డి?"

"సింకులో పోసేశాను."

యోహన్నా మొహంలో నెత్తురు లేదు. "వడగట్టకుండా ఉంచడానికే మూడేళ్లుగా మా నాన్నతో పోట్లాడుతున్నాను" అంది మెల్లగా.

ఇంతలో పెద్దాయన రానే వచ్చాడు. హెప్సి జరిగిందంతా ఒప్పేసుకుంది. ఆయన నవ్వి జగ్గులోది రుచి చూశాడు. "బాగుందే! ఇలాగే ఫిల్టర్ చేసి పంపు, ఉన్నదంతా నేనే కొంటాను."

హెప్సి ప్రాణం లేచొచ్చింది. యోహన్నా మాత్రం తన సంచిలోంచి ఇంకో సీసా తీసి, అటూ ఇటూ ఊపి గ్లాసులో పోసింది. "నేను చేసేది ఇదీ."

ఆయన ఆ మసకను వెలుతురుకు ఎత్తి చూసి, తాగకుండానే కింద పెట్టాడు. "ఇది నావల్ల కాదమ్మా."

"అయితే వద్దు."

హెప్సి తన చెవులను తానే నమ్మలేకపోయింది. చేతికందిన దాన్ని ఇలా తోసేసే మనిషి కూడా ఉంటుందా? పెద్దాయన కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

"నావల్లే" అని హెప్సి ఏడ్చేసింది. "నేనే పాడుచేశాను."

"ఆయన తాగకుండానే వద్దన్నాడు" అంది యోహన్నా. కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు తాగి చూశావా?"

"నేను తాగను."

"మరి చెడిపోయిందని ఎలా అనుకున్నావు?"

చెంప మీద కొట్టినా అంత అదిరేది కాదు. ఆయన తాగని గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. హెప్సి ప్రభువు బల్ల దగ్గర పట్టుకున్నట్టే రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఒక్క గుక్క మింగింది. పులుపు, దాని వెనకే ఉప్పదనం, ఆపైన పచ్చి ఆపిల్ కొరికినప్పటి జిల్లు. జగ్గులోది కూడా ఒక చుక్క నోట్లో వేసుకుంది. అందులో అవేమీ లేవు.

"చెడిపోలేదు" అంది.

సింకు వైపు చూసింది. మరక కూడా మిగలకుండా ఇందాక తనే తోమి కడిగింది.