పుట్టకు పసుపు పూసిన పెద్దమ్మ

నా చిన్నప్పుడు తొలకరి ఉరుములు వినబడ్డాయంటే మా పెద్దమ్మ కాలు ఇంట్లో నిలిచేది కాదు. మర్నాడు తెల్లవారగానే బుట్ట చంకన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని కొండపల్లి కొండ కింద అడవి అంచుకు బయలుదేరేది. అక్కడ ఎర్రమట్టి నేలలో నా ఎత్తున ఒక చెదపుట్ట ఉండేది. దాని చుట్టూ లావాటి కాడలతో తెల్లటి పుట్టగొడుగులు లేచేవి. పుట్ట లోపల చెదపురుగులు పెంచుకునే బూజు నుంచే ఇవి పుడతాయని, దాన్ని కదిలిస్తే మరుసటి ఏడు రావని పెద్దమ్మ చెప్పేది. అందుకే గునపం తేనిచ్చేది కాదు. ఒక్కొక్కదాన్నీ మెల్లగా మెలితిప్పి తీసి, కొన్నిటిని అలాగే వదిలేసేది. ఆ కూర ముందు మాంసం కూడా దిగదుడుపే మాకు.

ఒక వేసవిలో ఇబ్రహీంపట్నం వైపు కొత్త ఇళ్లు లేస్తున్నాయి. మెరక పోయడానికి ట్రాక్టర్లవాళ్లు ఆ ఎర్రమట్టి తవ్వుకుపోతున్నారు. చూస్తుండగానే గొయ్యి పుట్ట దగ్గరికి వచ్చేసింది. పెద్దమ్మ వెళ్లి బతిమాలింది. పుట్టగొడుగుల కోసం ఎవరైనా మట్టి వదులుకుంటారా అని వాళ్లు నవ్వారు. ఆమెకు ఒళ్లు మండింది.

మాది క్రైస్తవ కుటుంబం. ఒళ్లు కాలుతున్నా ఆదివారం చర్చి మానే మనిషి కాదు పెద్దమ్మ. అలాంటిది ఆ సాయంత్రం పక్కింటి అక్కను అడిగి పసుపు, కుంకుమ తెచ్చుకుంది. పుట్టకు చేతినిండా పసుపు పూసి, బొట్లు పెట్టి, మీద నాలుగు మందారాలు వేసింది. నాకు నవ్వాగలేదు. పాస్టరుగారి దగ్గర నోరు జారితే వీపు చిట్లుతుందని అక్కడే చెప్పింది.

మర్నాడు ట్రాక్టరు డ్రైవరు పుట్టను చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. తవ్వకం పక్కకు మళ్లింది. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. ఆ తొలకరికి పుట్టగొడుగులు ఎప్పటిలాగే వచ్చాయి.

అయితే పసుపు చూసినవాళ్లు పసుపు తెచ్చారు. నాగులచవితికి పాలు, గుడ్లు తెచ్చారు. ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత చుట్టుపక్కలవాళ్లంతా. తొక్కి తొక్కి నేల బండబారింది. మళ్లీ వేసవికి ఎవరో పుట్ట చుట్టూ సిమెంటు గట్టు కట్టి, జనం కూర్చోవడానికి నాపరాళ్లు పరిచారు. వాళ్లనేమని తప్పుపడతాం? తమకు తెలిసిన మర్యాద వాళ్లు చేశారు. వానలు మొదలయ్యాక మేం బుట్ట పట్టుకుని వెళ్లాం. ఎంత వెతికినా ఒక్క పుట్టగొడుగు కూడా లేదు. ఆ తర్వాత ఏళ్లలోనూ రాలేదు.

ఆ రోజు పెద్దమ్మ ఆ గట్టుమీదే కూలబడింది. ఆమె కంటతడి పెట్టడం నేను చూసింది అప్పుడే.

“పుట్టని దక్కించుకున్నానే గానీ, దేనికోసం దక్కించుకున్నానో ఎవరికీ చెప్పలేదే అమ్మాయ్. ఒక్కళ్లకన్నా చెప్పుంటే, ఆ రాళ్లేవో కాస్త ఎడంగా పరిచేవాళ్లు” అంది.

ఇప్పుడు బెజవాడలో ఏ కొట్టుకెళ్లినా ప్లాస్టిక్ డబ్బాల్లో పుట్టగొడుగులు దొరుకుతాయి. మా అడవిలోవి మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నాయి. మట్టి తవ్వకాలు ఆగలేదు. చెదలు కనబడితే చాలు, మందు కొట్టేస్తున్నారు. ఏరుకునేవాళ్లు కూడా అడుగంటా పెళ్లగించి పట్టుకుపోతున్నారు. మోకాళ్లు సహకరించకపోయినా తొలకరికి నేను ఇంకా వెళ్తూనే ఉన్నాను. ఎదురైన ప్రతివాళ్లకీ ఆ నేల కింద ఏముందో, దాన్ని ఎందుకు వదిలేయాలో విడమరిచి చెబుతాను. ముసలావిడకు పనీపాటా లేదని నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వినా చెబుతాను.

మొన్న అక్కడ మట్టి తవ్వుతున్న ఒకాయన నేను చెప్పిందంతా విని, “అయితే ఎంత మేర వదలమంటారు అమ్మా?” అని అడిగాడు. ఆయన గొయ్యి పక్కనున్న ఇంకో చెదపుట్ట చుట్టూ నడిచి చూపించాను. ఆ మాట వినడానికి మా పెద్దమ్మ ఉంటే బాగుండేదనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.