రెండో బ్లాకులో నా మంచం

సెలవు రోజు మధ్యాహ్నం పడుకుని ఉండగా గదిలో ఏసీ ఆగిపోయింది. చప్పుడు కన్నా, రోజూ ఉండే చప్పుడు ఆగడమే నన్ను త్వరగా లేపుతుంది. ఆ నిశ్శబ్దంలో ప్రతిసారీ వేరా మేడమ్ గుర్తొస్తారు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో మా కంపెనీ వసతి విభాగానికి ఆవిడ పెద్ద. బల్గేరియా దేశస్థురాలు. నేను కరీంనగర్ వైపు నుంచి హెల్పరుగా వచ్చి, లెక్కలు సొంతంగా నేర్చుకుని, ఆవిడ దగ్గర మంచాలు కేటాయించే పనిలో కుదిరాను. 2021లో పనివాళ్ళు ఉండడానికి పక్కపక్కనే రెండు బ్లాకులు మా చేతికొచ్చాయి. మేడమ్ సెలవులో ఉండగా కేటాయింపు నేనే పూర్తి చేశాను. ఫోర్‌మన్లు, స్టోర్‌కీపర్లు, గుమస్తాలు మొదటి బ్లాకులో. కూలీలు రెండో బ్లాకులో. ఒక్క మంచం ఖాళీ లేదు, ఒక్క పేరు మిగల్లేదు. నా పేరు మొదటి బ్లాకులో వేసుకున్నాను. ఆ కాగితం చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆగస్టులో రాజన్న బస్సులో స్పృహ తప్పాడు. మా పక్క ఊరివాడు, కాంక్రీటులోకి ఇనుప చువ్వలు కట్టే పనివాడు, రెండో బ్లాకు 214 గదిలో ఉంటాడు. క్లినిక్ నుంచి తీసుకొస్తూ ఆరా తీస్తే, గదిలో ఏసీ పోయి పదకొండు రోజులైందని, రాత్రుళ్ళు నిద్రే లేదని అన్నాడు. చెప్పలేదేమని కోప్పడ్డాను.

"ఎవలికి చెప్పాలె తమ్మీ? గేటుకాడి బుక్కుల ఇంగ్లీషుల రాయాలెనాయె. పేరు రాసినంక మేనేజరుకు కోపమొస్తే? పాత క్యాంపుల నువ్వు మా పక్కరూముల ఉంటివి, నువ్వే రాస్తుంటివి. ఇప్పుడు దొరవైతివి, అటుదిక్కు పోతివి" అని నవ్వాడు.

ఆ సాయంత్రం ఫిర్యాదుల పుస్తకం ముందేసుకున్నాను. మొదటి బ్లాకు నుంచి నలభై ఒకటి, రెండో బ్లాకు నుంచి మూడు. ఏసీలు మాత్రం రెండింటిలోనూ ఒకే రకం, ఒకేసారి బిగించినవి.

సెలవు నుంచి వచ్చిన మేడమ్‌కు ఆ పుస్తకం, నా కేటాయింపు కాగితం రెండూ చూపించాను. కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. ఇంగ్లీషు, హిందీ కలిపి నెమ్మదిగా అన్నారు: "రాయగలిగిన వాళ్ళందరినీ ఒక ఇంట్లో పెట్టావు. రాయలేని వాళ్ళందరినీ ఇంకో ఇంట్లో పెట్టావు."

తర్వాత వాళ్ళ రాజధాని సోఫియాలో తను పెరిగిన తొమ్మిదంతస్తుల భవనం గురించి చెప్పారు. ఆవిడ తండ్రి లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. పై ఇంట్లో డాక్టరు, కింద బడిపంతులు. అది మంచితనం కాదు, సర్కారు జాబితాలో వరస అలా వచ్చిందంతే అన్నారు. ఆ ఇంటికోసం తండ్రి ఏళ్ళ తరబడి ఎదురుచూశాడట. కమ్యూనిస్టు పార్టీ పెద్దలకు అప్పుడూ మంచి ఇళ్ళేనట. ఆ పార్టీ రాజ్యం పోయాక ఇళ్ళు కొనడం, అమ్మడం సులువైంది. డాక్టరు కొండ పక్కనున్న ఖరీదైన పేటకు వెళ్ళిపోయాడు, తర్వాత పంతులు. "ఎవరూ ఎవరినీ తరమలేదు. లిఫ్టు చెడితే గట్టిగా అడిగేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా అమ్మ ఏడో అంతస్తులో ఉండిపోయింది."

కాగితం నా వైపు జరిపి, "నీ మంచం ఎక్కడ?" అని మాత్రం అడిగారు.

ప్రతి అంతస్తులోనూ అన్ని రకాల పనివాళ్ళూ ఉండేలా మళ్ళీ కాగితం తయారైంది. మేనేజర్ల విల్లాలు అందులోకి రాలేదు. మా చేతికందింది ఆ రెండు బ్లాకులే. నెల్లూరు ఫోర్‌మన్ మస్తాన్ భాయ్ ఆఫీసుకొచ్చి, ఇరవై ఏళ్ళు చేసి మళ్ళీ కూలీల వరసలోకా అని నిలదీశాడు. కాగితం అతని వైపు తిప్పి చూపించాను. మొదటి వరసలో నా పేరు, రెండో బ్లాకు 216. ఆ వరస చదివాడు.

"సరేలేబ్బా, నువ్వే పోతుండావు గదా. నా మంచం కిటికీకాడ వెయ్" అన్నాడు.

మేడమ్ 2023లో ఉద్యోగం మాని, తల్లి ఉన్న ఆ ఏడో అంతస్తుకే వెళ్ళిపోయారు. ఒకసారి ఫోన్‌లో లిఫ్టు సంగతి అడిగాను. ఇప్పుడు ఫిర్యాదులు తనే రాస్తున్నానన్నారు.

ఇవాళ లేచి చొక్కా తొడుక్కుని, కిందికి దిగే ముందు రాజన్న తలుపు తట్టాను. వాళ్ళ ఏసీ పొద్దుటే ఆగిందట. గేటు దగ్గర పుస్తకంలో ముందు 214 రాశాను, దాని కింద 216. రెండింటికీ నా పేరే పెట్టాను.